మూడు రకాల మేత

సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు.

నీటి మీటర్ రీడర్ పక్క సందులోకి తిరిగాడు. వంటింటి కిటికీ కింద గోడకి బిగించి ఉంది మీటరు. అంకె చూసి పుస్తకంలో రాసుకున్నాడు. "సార్, చీటీ" అని కేకేశాడు. ప్రతి నెలా కిటికీలోంచి చెయ్యి చాపి చీటీ అందుకునే పెద్దమనిషి పలకలేదు.

ఊచల మధ్య నుంచి తొంగిచూశాడు.

నేల మీద రెండు పాదాలు కనిపించాయి. ఒకదానికి చెప్పు ఉంది. రెండోదానికి లేదు.

పదకొండు దాటి ఐదు నిమిషాలకి జీపు వచ్చి ఆగింది. ఎస్సై దిగింది. ఆమె వెనక హెడ్ కానిస్టేబుల్. ముందు తలుపు లోపల గడియ పెట్టి ఉంది. పగలగొట్టాల్సి వచ్చింది.

చనిపోయినాయన వయసు అరవై ఆరు. ఒకప్పుడు ప్రైవేటు డిస్పెన్సరీలో కాంపౌండర్. ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయినా వీధిలో అందరికీ కాంపౌండర్ గారే. పెళ్ళి చేసుకోలేదు. ఒక్కడే ఉండేవాడు. వంటింట్లో, పెరటి తలుపు పక్కనే, కుడి పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. నోరు ఒక వైపుకి లాగేసింది. ఎడమ అరచేతి కింద స్టీలు కొలత డబ్బా ఒకటి బోర్లా పడి ఉంది. పెరటి తలుపు గడియ లోపలే వేసి ఉంది. భుజం ఎత్తున ఉందది.

"న్యాచురల్ డెత్, మేడం," అన్నాడు హెడ్డు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. "రెండు తలుపులూ లోపల్నుంచే వేసున్నాయి. ఎవరొస్తారు లోపలికి? పంచనామా రాసేద్దాం."

ఎస్సై గడియ తీసి పెరట్లోకి వెళ్ళింది.

పెరడంతా కోళ్ళు. ఆరు పెట్టలు. ఒక పుంజు. ఇంకా గొంతు కూడా మారని కోడిపిల్లలు ఎనిమిది. వాటి మధ్య దారి తప్పి వచ్చినట్టు ఒక బాతు. ఆమెని చూసి కాస్త పక్కకి జరిగాయి. మళ్ళీ నేల కెలుక్కోవడంలో పడ్డాయి.

"హెడ్డు గారూ. ఈయన పోయి ఎన్నాళ్ళయి ఉంటుంది?"

"రెండ్రోజులు పైనే అయ్యుంటుంది."

"మరి ఇవి ఎందుకు అరవడం లేదు?"

హెడ్డు కోళ్ళ వంక చూశాడు. పుంజు ఆయన వంక చూసింది. "సాక్షులందరికీ కడుపు నిండినట్టుంది, మేడం," అన్నాడు.

ఎస్సై నవ్వలేదు. ఒక పెట్టని ఒడుపుగా పట్టుకుని మెడ కింద సంచీ తడిమింది. బిగుతుగా ఉంది. ఈ పొద్దున తిన్నదే.

వసారాలో మేత బస్తా ఉంది. పక్కన గోడకి అట్టముక్క వేలాడదీసి ఉంది. మందు సీసాల మీద రాసే పొందికైన అక్షరాలు. 'అందరికీ గ్రోయర్ మేత. ఉదయం ఆరు డబ్బాలు, సాయంత్రం ఆరు. ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో. కలపరాదు.' కింద తేదీలు. ప్రతి తేదీకి ఎదురుగా రెండు టిక్కులు. చివరి రెండు టిక్కులు పోయిన మంగళవారానివి. బుధవారం గడి ఖాళీ. ఆ తర్వాతవీ ఖాళీ.

బస్తా మూతి గట్టిగా కట్టి ఉంది. కోళ్ళ గూటిలో గుడ్లు పేరుకుపోయి ఉన్నాయి. ఎవరూ ఏరలేదు.

పెరటికి ఉన్న ఒకే ఒక్క గేటుకి లోపల తాళం. తాళంచెవి కాంపౌండర్ మొలతాడుకే ఉంది.

"బుధవారం నుంచి ఈయన కోళ్ళకి మేత వెయ్యలేదు," అంది ఎస్సై. "ఇంకెవరో వేశారు. లోపలికి రాకుండా వేశారు. అంటే ఈయన మేత వెయ్యలేని స్థితిలో ఉన్నాడని ఆ మనిషికి తెలుసు. తెలిసీ తలుపు కొట్టలేదు, మనకి చెప్పలేదు. ఎందుకు?"

హెడ్డు జేబులోంచి పెన్ను తీశాడు.

పెరటికి రెండు గోడలున్నాయి. తూర్పు వైపు ఇంట్లో ఒక నర్సు ఉంటుంది. పడమటి వైపు ఒక బుక్ బైండర్.

"నర్సు మనకి తెలిసినావిడే, మేడం. రెండు నెలల కింద పుంజు మీద పిటిషన్ పెట్టింది."

"పుంజు మీదా?"

"పుంజు యజమాని మీద. పేరు మాత్రం పుంజుదే రాసింది."

పన్నెండున్నరకి నర్సు తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంది.

"కాంపౌండర్ గారితో గొడవలేంటి?"

"గొడవ కాదు మేడం. నేను ఇల్లు చేరేది ఆరింటికి. ఆ పుంజు అప్పుడే మొదలెడుతుంది. పిటిషన్ పెట్టాక ఆయనే వచ్చాడు. 'అమ్మా, దీన్ని బుట్ట కింద మూసి పెడతాలే' అన్నాడు. అప్పట్నుంచీ పెట్టాడు కూడా. మంచాయన."

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"మంగళవారం సాయంత్రం. నేను డ్యూటీకి వెళ్తుంటే మేత వేస్తున్నాడు."

"బుధవారం?"

"బుధవారం పొద్దున కోళ్ళు ఒకటే అరుపు. నిద్ర పట్టలేదు. మధ్యాహ్నం దాకా అరిచాయి. ఇక లాభం లేదు, లేచి వెళ్ళి తలుపు కొడదాం అనుకున్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను."

"కొట్టారా?"

"ఈలోగా ఆగిపోయాయి." ఆమె తలుపు అంచు పట్టుకుంది. "ఆగాయి కదా, మేత వేసుంటాడు అనుకుని పడుకున్నాను. అవి ఇంకో పావుగంట అరిచుంటే ఖచ్చితంగా వెళ్ళేదాన్ని, మేడం. ఖచ్చితంగా."

హెడ్డు ఆ మాట అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాడు.

"ఆగినప్పుడు టైమెంత?"

"నాలుగు కావస్తోంది."

బైండర్ ఇల్లు వేరే ఇల్లు కాదు. ఒకే ఇల్లు. ఒకే పెంకుల కప్పు. నడి మధ్యన గోడ కట్టి రెండు చేశారు. ఆ గోడ పెరట్లోకి కూడా సాగి, చివరిదాకా వెళ్ళింది. బైండర్‌కి అరవై ఒకటి. కాంపౌండర్‌కి సొంత తమ్ముడు.

ముందు గదిలో పని బల్ల. దాని మీద కుట్టిన పుస్తకాలు, జిగురు డబ్బా, అట్టల మీద అంటించే ఎర్ర కాలికో గుడ్డ చుట్ట, మైనం పూసిన దారం ఉండ, వెడల్పాటి మొహం ఉన్న సుత్తి. గదంతా జిగురు వాసన.

"అన్నయ్య పోయాడని తెలిసిందా?"

"తెలిసింది." కూర్చోమనలేదు. తనూ కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"చూడ్డానికి రాలేదే?"

"మాటల్లేవు."

"ఎన్నాళ్ళనుంచి?"

"పదకొండేళ్ళు."

"ఎందుకు?"

బైండర్ కిటికీ వైపు తిరిగాడు. "నా భార్యకి జ్వరం వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్తానన్నాను. అన్నయ్య మందు కలిపి ఇచ్చాడు. మామూలు జ్వరమేరా, తెల్లారాక చూద్దాం అన్నాడు. తెల్లారేసరికి ఆవిడ లేదు." బల్ల మీది దారం ఉండని పక్కకి జరిపాడు. "ఇక నీ మొహం చూడనన్నాను. ఆ నెలలోనే గోడ కట్టించాను. అన్నయ్య ఒక్క మాట అనలేదు. కూలీలకి మంచినీళ్ళు కూడా తనే ఇచ్చాడు. ఆ తర్వాత ఉద్యోగం మానేశాడు. మందు సీసా మళ్ళీ ముట్టుకోలేదని విన్నాను."

"ఈ వారంలో అటునుంచి ఏమైనా చప్పుడు విన్నారా?"

"లేదు."

"కోళ్ళకి మేత మీరు వేశారా?"

"లేదు."

రెండు సార్లూ జవాబు ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది.

బయటికొచ్చాక హెడ్డు అన్నాడు: "వీడే మేడం. పదకొండేళ్ళ పగ. అన్న పడిపోయిన సంగతి తెలిసింది. పోనీలే అని వదిలేశాడు. కోళ్ళు అరిస్తే జనం వస్తారని వాటి నోళ్ళు మూయించాడు. లెక్క సరిపోయింది."

"సరిపోయినట్టే ఉంది," అంది ఎస్సై. ఆమె మొహంలో మాత్రం సరిపోయిన తృప్తి లేదు.

మంగళవారం ఉదయం తొమ్మిది నలభైకి పోస్ట్‌మార్టం డాక్టర్ ఫోన్ చేశాడు.

"పక్షవాతం. కుడి పక్క మొత్తం పడిపోయింది. మాట కూడా పోయుంటుంది. ఒంట్లో నీరు బొత్తిగా లేదు. పక్షవాతం వచ్చింది బుధవారం పొద్దున అయ్యుంటుంది. ప్రాణం పోయింది శనివారం."

"మధ్యలో స్పృహ ఉందా?"

"చాలావరకు ఉండే ఉంటుంది. గురువారం లోపు తెచ్చుంటే, చెప్పలేను గానీ, బతికేవాడేమో."

ఎస్సై ఫోన్ పెట్టేసింది. తర్వాత లేచి మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది. ఒక్కతే వంటింట్లోకి వెళ్ళి, కాంపౌండర్ పడి ఉన్న చోట నేల మీద చతికిలబడింది. ఆయన తల ఉన్న ఎత్తుకి తన తల వంచింది.

అప్పుడు కనిపించాయి.

తలుపు కింది చెక్క మీద చిన్న చిన్న సొట్టలు. నెలవంకల్లా ఉన్నాయి. కొత్తవి. రంగు లేచిపోయి లోపలి కర్ర తెల్లగా కనిపిస్తోంది. నిలబడి చూస్తే తలుపు నీడలో కలిసిపోయే సొట్టలు. నిన్న నలుగురు మనుషులు ఆ తలుపు దాటారు. ఒక్కరికీ కంటపడలేదు.

కొలత డబ్బా తెచ్చి అంచు ఆనించింది. అతికినట్టు సరిపోయింది.

ఎడమ చేత్తో కొట్టాడు. గడియ అందలేదు. గొంతు లేదు. చేతిలో ఉన్నది అదొక్కటే.

పెరట్లో హెడ్డు మోకాళ్ళ మీద ఉన్నాడు. పడమటి గోడకీ నీళ్ళ తొట్టికీ మధ్య వేలెడు సందు. కోడి ముక్కు దూరనంత ఇరుకు. గోడ మీంచి పడ్డ మేత అందులో ఇరుక్కుని, వరసలు వరసలుగా మిగిలింది. చెంచాతో జాగ్రత్తగా పైకి తీశాడు. మూడు కవర్లలో పోశాడు.

"అన్నిటికన్నా అడుగున బియ్యం, మేడం. వండుకునే బియ్యమే. దాని మీద ఇదేదో తెల్లటి పొడి. గుళికల్ని దంచినట్టుంది. అన్నిటికన్నా పైన ఈ గోధుమరంగు నూక. వసారాలో బస్తాలో ఉన్నదీ ఇదే రకం."

"ఇంకేమైనా?"

"గోడ మీద నాచు ఒక చోట గీసుకుపోయింది. పైపు వేసి తొట్టి నింపినట్టున్నారు. ఇంకోటి, ఆల్చిప్పల పొడి గిన్నెలు రెండున్నాయి. ఒకటి గూటికి మేకు కొట్టి ఉంది, పాతది. రెండోది ఇదిగో, గోడ కింద."

చిన్న సత్తు గిన్నె. అంచుకి రెండు వైపులా మైనం దారం ముడి. పైనుంచి దింపినట్టుంది.

ఎస్సై తెల్లటి పొడి ఉన్న కవరు వెలుతురులో పెట్టి చూసింది. పొడిలో నలుసంత ఎర్ర గుడ్డ పీచు. కాలికో.

"చెప్పాను కదా మేడం," అన్నాడు హెడ్డు.

"ఎవరు వేశారో దొరికింది. ఎందుకు వేశారో దొరకలేదు. ముందు మేత దుకాణానికి వెళ్దాం."

దుకాణదారు లావుపాటి మనిషి. బస్తాల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పేరు చెప్పక్కర్లేకుండానే గుర్తుపట్టాడు.

"ఆ జిగురు చేతుల ఆయనా? మర్చిపోతానా. గురువారం షాపు తియ్యగానే వచ్చాడు. కోళ్ళ మేత కావాలన్నాడు. ఏ కోళ్ళకి అన్నాను. కోళ్ళకే అన్నాడు. గుడ్లు పెట్టేవా, పిల్లలా, మాంసానివా అన్నాను. 'కోళ్ళండీ, మామూలుగా తిరిగే కోళ్ళు' అన్నాడు. ఇక లాభం లేదని లేయర్ గుళికలిచ్చాను."

"తర్వాత?"

"శుక్రవారం పొద్దున్నే మళ్ళీ హాజరు. పిల్లలకి గుళికలు పెద్దవైపోయి మింగలేకపోతున్నాయట. సుత్తితో దంచి వేశాడట. పిల్లలున్నాయని ముందే చెప్పొద్దా అన్నాను. గుడ్లు పెట్టేవాటి మేతలో సున్నం ఎక్కువ. పెట్టకైతే ఆ సున్నం గుడ్డు పెంకులోకి పోతుంది. పిల్లలకి పోయే దారి లేదు, మూత్రపిండాలు పాడవుతాయి. పుంజుకీ అంత మంచిది కాదు. అన్నీ కలిసి తిరిగే పెరట్లో అందరికీ గ్రోయర్ వేసి, ఆల్చిప్పల పొడి విడిగా పెట్టాలి. పెట్టలే వెతుక్కుని తింటాయి, మిగతావి దాని జోలికి పోవు. ఇదంతా చెప్పాను."

"ఏమన్నాడు?"

"కాగితం మీద రాసుకున్నాడు. ఒకటికి రెండు సార్లు అడిగి మరీ. ఒక రోజు తిన్నదానికే పిల్లలకి ఏమైనా అవుతుందా అని కంగారు పడ్డాడు. ఏం కాదన్నాను. విప్పిన బస్తా వెనక్కి తీసుకోనంటే, ఉంచండి పర్లేదని కొత్తది కొన్నాడు. వెళ్తూ వెళ్తూ నవ్వాడు. 'మా అన్నయ్య తప్పులు పట్టే మనిషి. ఇప్పటికే పట్టేసుంటాడు' అన్నాడు."

ఎస్సై చేతిలోని పెన్ను ఆగింది. "నవ్వాడా?"

"నవ్వాడండీ. సంతోషంగానే ఉన్నాడు మనిషి. పెళ్ళికి బట్టలు కొంటున్నట్టు కొన్నాడు."

జీపులో హెడ్డు ఏదో అనబోయాడు. ఎస్సై చెయ్యెత్తి వద్దంది.

మంగళవారం సాయంత్రం నాలుగు పది.

ఎస్సై ముగ్గుర్ని కాంపౌండర్ పెరట్లోకి పిలిపించింది. నర్సు తూర్పు గోడ పక్కన నిలబడింది. దుకాణదారు తిరగేసిన బుట్ట మీద కూర్చున్నాడు, అది పుంజు బుట్ట అని తెలియక. బైండర్ గేటు దగ్గరే ఆగిపోయాడు. హెడ్డు భుజం మీద చెయ్యి వేస్తే లోపలికి వచ్చాడు. గోడ కట్టాక ఈ వైపు నేల మీద కాలు పెట్టడం అదే మొదలు.

ఎస్సై మూడు కవర్లూ నీళ్ళ తొట్టి అంచు మీద పెట్టింది.

"బుధవారం పొద్దున మామూలు వేళకి కాంపౌండర్ గారు మేత కొలవడానికి డబ్బా తీసుకుని పెరట్లోకి రాబోయారు. తలుపు తియ్యకముందే పక్షవాతం వచ్చి పడిపోయారు. కోళ్ళు సాయంత్రం దాకా అరిచాయి. నాలుగింటికి ఆగాయి. ఎందుకంటే పడమటి గోడ మీంచి బియ్యం పడ్డాయి. ఇది మొదటి కవరు."

"గురువారం లేయర్ గుళికలు. బైండింగ్ సుత్తితో దంచినవి. అందులో కాలికో పీచు ఉంది. రెండో కవరు. శుక్రవారం నుంచి గ్రోయర్ మేత, మూడో కవరు. ఆ తర్వాత మైనం దారానికి కట్టి ఆల్చిప్పల పొడి గిన్నె." బైండర్ వైపు తిరిగింది. "నిన్న మీరు రెండు అబద్ధాలు చెప్పారు. ఒకటి దొరికింది."

"మేతేసింది నేనే," అన్నాడు బైండర్. నేల చూపులు చూస్తున్నాడు.

హెడ్డు ముందుకి ఒక అడుగు వేశాడు. ఎస్సై ఆపింది.

"నిన్నటిదాకా మేమేం అనుకున్నామంటే, మీ అన్నయ్య పడిపోయాడని మీకు తెలుసు, ఎవరికీ తెలియకూడదని కోళ్ళ నోళ్ళు మూయించారు అని. అది తప్పు. మేమందరం ఒక సంగతి కళ్ళెదురుగా పెట్టుకుని కూడా గమనించలేదు. మేత మారింది. రోజు రోజుకీ మెరుగైంది. నోళ్ళు మూయించడానికైతే బియ్యం చాలు. పిల్లలు మింగలేకపోతున్నాయని సుత్తితో దంచే పని లేదు. కొత్త బస్తా కొనే పని లేదు. పెట్టకి సున్నం విడిగా పెట్టే పని అసలే లేదు. ఇంత జాగ్రత్త ఎవరు పడతారు? చూసి తప్పు పట్టే మనిషి ఒకడు లోపల ఉన్నాడని నమ్మినవాడే పడతాడు. అన్నయ్య బాగానే ఉన్నాడని మీరు అనుకున్నారు. అనుకోవడం కాదు, మీకు గట్టిగా తెలుసు. ఎలా తెలుసు? తలుపు తియ్యలేదు. మనిషి కనబడలేదు. గొంతు వినబడలేదు."

ఆమె వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళింది. వంగి కింది చెక్క మీద వేలు పెట్టింది.

"ఇక్కడ సొట్టలున్నాయి. ఆయన లోపల్నుంచి కొలత డబ్బాతో కొట్టాడు. ఈ తలుపుకీ మీ గోడకీ మధ్య ఎనిమిది అడుగులు. ఇది రెండో అబద్ధం. మీరు విన్నారు."

బైండర్ తొట్టి అంచు పట్టుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు.

"బుధవారం అరుపులు వినలేక బియ్యం విసిరాను. ఊరెళ్ళాడేమో అనుకున్నాను. గురువారం గుళికలు వేసి, పైపు పెట్టి నీళ్ళు నింపుతున్నాను. అప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. చెక్క మీద. చెయ్యి అలాగే ఉండిపోయిందమ్మా. పదకొండేళ్ళలో అన్నయ్య నా కోసం చేసిన మొదటి చప్పుడు. ఇంట్లోనే ఉన్నాడు, నేనే మేతేస్తున్నానని తెలిసింది, ఊరుకున్నాడు, పైగా పిలుస్తున్నాడు. నాకేం చెయ్యాలో తోచలేదు. సుత్తి పిడితో గోడ మీద మూడు కొట్టాను."

"ఆయన?"

"మళ్ళీ మూడు కొట్టాడు."

నర్సు చేత్తో నోరు మూసుకుంది.

"ఆ రోజు ఎన్ని సార్లో. నేను కొడితే తను. తను కొడితే నేను. ఇంట్లోకి వెళ్ళి ఏడ్చాను. సంతోషానికే ఏడ్చాను. శుక్రవారం కూడా అంతే. షాపాయన మేత తప్పని చెబితే, అన్నయ్య కనిపెట్టేసి ఉంటాడు, చెప్పడానికే కొడుతున్నాడు అనుకున్నాను. మందు కొలతల్లో చుక్క తేడా వచ్చినా ఊరుకునేవాడు కాదు. అందుకే మార్చాను."

"తలుపు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదు?" ఎస్సై గొంతు పోలీసు గొంతులా లేదు.

"భయమేసింది. మొహం చూడనన్నది నేను. నేనే పోయి ఎదురుగా నిలబడితే, ఆ చప్పుడు కూడా ఆపేస్తాడేమో అనిపించింది. ఇన్నేళ్ళకి దొరికింది తొందరపడి చెడగొట్టుకోకూడదనుకున్నాను. తలుపు తనే తీస్తాడు, అప్పుడు పోదాం. రేపు తీస్తాడు, ఎల్లుండి తీస్తాడు అనుకున్నాను."

పెట్ట ఒకటి అతని కాళ్ళ మధ్య నుంచి వెళ్ళింది. అతనికి తెలియలేదు.

"శనివారం పొద్దున నేనే ముందు కొట్టాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కటి వినిపించింది. ఒక్కటే. మళ్ళీ కొట్టాను, లేదు. సాయంత్రం లేదు. కోపం వచ్చిందనుకున్నాను. ఆల్చిప్పల పొడి ఇంకా పెట్టలేదు కదా, అందుకే అనుకున్నాను. ఆదివారం గిన్నె దింపి, కొట్టి, కొట్టి..."

దుకాణదారు లేచి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియలేదు, మళ్ళీ కూర్చోనూ లేకపోయాడు.

కాసేపటికి బైండర్ తలెత్తాడు. ఎస్సై ఆ ప్రశ్న వస్తుందని ఎరిగే ఉంది. వచ్చింది.

"అమ్మా, నేను మేత వెయ్యకపోతే కోళ్ళు అరిచేవి కదా. ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు కదా."

ఎస్సై నోరు తెరవకముందే నర్సు జవాబు చెప్పింది.

"ఎవరొస్తారు బాబాయ్," అంది. "పగలంతా పడుకునేది నేను. ఆ అరుపులు నాకు అలవాటే. చెవిలో దూది పెట్టుకుని ముసుగు తన్నేదాన్ని. ఎన్ని రోజులు అరిచినా వచ్చేదాన్ని కాదు."

హెడ్డు చటుక్కున నోట్‌బుక్ తెరిచాడు. నిన్నటి పేజీ తిప్పి, వేలు పెట్టి, ఎస్సై వైపు చూశాడు. ఆమె అడ్డంగా తల ఊపింది. హెడ్డు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

బైండర్ నర్సు మొహంలోకి చాలాసేపు చూశాడు. నమ్మాడో లేదో ఎవరికీ తెలియలేదు.

"నా మీద ఏం కేసు పెడతారు?" అని అడిగాడు.

"కేసేం లేదు. మీరు చేసినదానికి నా దగ్గర సెక్షన్ లేదు."

"ఉంటే బావుండేది," అన్నాడు.

ఎస్సై కవర్లు తీసి సంచిలో వేసింది. రిపోర్టులో ఏం రాయాలో ఆమెకి తెలుసు. పక్షవాతం. సహజ మరణం. ఎవరి మీదా అనుమానం లేదు. మూడు లైన్లు సరిపోతాయి. తలుపు మీద సొట్టల సంగతి ఆ మూడు లైన్లలో పట్టదు.

ఐదు కావస్తోంది. కోళ్ళు ఒక్కొక్కటే వసారా వైపు చేరుతున్నాయి. ఒక పిల్ల సన్నగా అరిచింది. తర్వాత ఇంకొకటి.

బైండర్ కళ్ళు తుడుచుకున్నాడు. వసారాలోకి నడిచి, అన్నయ్య కట్టిన బస్తా మూతి దగ్గర కూర్చున్నాడు. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. గట్టి ముడి.

కొలత డబ్బా పోలీసుల దగ్గరుంది. దోసిలి పట్టాడు.

"ఇన్నిటికీ ఎన్ని దోసిళ్ళు వెయ్యాలండీ?" అని దుకాణదారుని అడిగాడు. "గోడవతల్నుంచి తొట్టి దగ్గరికి వచ్చినవే కనబడేవి, మొత్తం ఎన్ని ఉన్నాయో నాకు తెలిసేది కాదు."

దుకాణదారు దగ్గరికొచ్చాడు. పెరట్లోకి చెయ్యి చాపి, పెట్టల్నీ పుంజునీ పిల్లల్నీ బాతునీ ఒక్కొక్కటిగా చూపిస్తూ, పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.